డెల్బర్ట్ స్కాగ్స్ పేరు లేని జాబితా

ఎమిల్ కోస్ట్కా దగ్గర మూడు వందల పదహారు బ్యాడ్జీలు ఉండేవి. తెలియనివాడు చూస్తే మూడు వందల పదహారూ ఒకటే అనుకుంటాడు. మూడంగుళాల నీలం పలక, దాని మీద అడ్డంగా పాతకాలపు తుపాకీ, వెనక నుంచి రెండు వైపులా పైకి లేచిన ఓక్ ఆకుల దండ. కాల్పుల మధ్య నిలబడి పోరాడిన కాల్బలం సిపాయికి తప్ప అమెరికా సైన్యం దాన్ని ఇంకెవరికీ ఇవ్వదు. ఫిరంగుల వాడికి ఇవ్వదు, వంటవాడికి ఇవ్వదు, ట్రక్కు తోలేవాడికి ఇవ్వదు. ఎడమ జేబు పైన, మిగతా పతకాలన్నిటికీ పైన దాని చోటు. అమరవీరుల దినం ఊరేగింపులో ముసలివాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకునే ముందు ఒకరి జేబు ఒకరు చూసుకుంటారు.

తెలిసినవాడికి మాత్రం ఏ రెండూ ఒకటి కావు. ఆ తెలిసినవాళ్ళలో అతని ఊరున్న మొనొంగహేలా నది లోయ మొత్తానికి ఎమిల్ పెద్ద. కళ్ళు మూసుకుని బ్యాడ్జి వెనక వైపు బొటనవేలితో తడిమి, ఎప్పటిదో ఎక్కడిదో చెప్పేవాడు. పొడుగాటి పిన్ను ఉంటే రెండో ప్రపంచ యుద్ధం నాటిది. రెండు ముళ్ళు, రెండు బిళ్ళలు ఉంటే ఆ తర్వాతది. జర్మనీలో కాపలా ఉన్న సిపాయిలు అక్కడి కుట్టుపనివాళ్ళ చేత వెండి తీగతో కుట్టించుకున్నవి వేరు. జపాన్ బజార్లలో చేయించుకున్నవాటిలో తుపాకీ కాస్త లావు. వియత్నాంలో పల్చటి రేకు మీద సుత్తితో కొట్టినవి గోరుతో నొక్కితే వంగుతాయి. ముప్ఫై ఒక్క ఏళ్ళు సీసాల ఫ్యాక్టరీలో తనిఖీ పని చేసినవాడు. కదిలే పట్టీ మీద వెలుతురు ముందు నుంచి వెళ్ళే వేల సీసాల్లో వెంట్రుకంత పగులును పట్టుకున్న కళ్ళు అవి.

నేలమాళిగలో బట్టల మిషను పక్కన సొరుగుల బీరువా ఒకటి తనే చేసుకున్నాడు. సొరుగుకి పన్నెండు చొప్పున, నల్ల మఖమలు మీద వరసగా బ్యాడ్జీలు. అతని సొంత బ్యాడ్జి మాత్రం అందులో లేదు. కొరియా నుంచి తెచ్చుకున్నది, పడకగదిలో మేజోళ్ళ కింద, వచ్చినప్పటి కాగితం పొట్లంలోనే ఉండేది.

"ఊళ్ళోవాళ్ళవన్నీ మఖమలు మీద పడుకోబెడతావు, నీది మేజోళ్ళ కింద పారేస్తావు. ఏం మనిషివి?" అనేది వెర్నా, అతని భార్య.

"నాది మామూలుది. అలాంటివి లక్షలున్నాయి," అనేవాడు.

ఆ మాట అబద్ధం కాదు. కాని జవాబు కూడా కాదని వెర్నాకి తెలుసు. ముప్ఫై అయిదేళ్ళుగా ఒకే మంచం పంచుకున్న మనిషి.

అసలు సంగతి 1951 ఫిబ్రవరిలో, కొరియా యుద్ధంలో మొదలైంది. ఎమిల్‌కి అప్పుడు ఇరవై ఏళ్ళు. శిక్షణ తుపాకీతోనే అయింది, కాగితాల మీద అతను రైఫిల్ సిపాయే. కొరియాలో దిగాక, నిమిషానికి అరవై మాటలు టైపు కొడతాడని తెలిసి కంపెనీ అనే ఆ సిపాయిల దళానికి గుమస్తాని చేశారు. కొండల వెనక గుడారం, నూనె పొయ్యి, టైపు మిషను. ముందు వరసలో చచ్చేవాళ్ళ పేర్లు, వాళ్ళ బదులు వచ్చేవాళ్ళ పేర్లు, బూట్ల కొలతలు, అన్నీ అతని వేళ్ళ కిందనుంచే పోయేవి.

డెల్బర్ట్ స్కాగ్స్ ఒహాయో కొండల వాడు. ఎమిల్ కన్నా మూడేళ్ళు పెద్ద, పొడుగ్గా, ఎండిన మొక్కజొన్న కాడలా ఉండేవాడు. ట్రక్కు డ్రైవరు. ఒకరోజు సాయంత్రం తూటాల పెట్టెలు వేసుకుని కొండ మొదటికి వెళ్ళాడు. ట్రక్కు మీద గుండు పడి తగలబడింది. వెనక్కి వచ్చే దారి లేక, చచ్చినవాడి రైఫిల్ తీసుకుని పైకెక్కాడు. తెల్లారేదాకా అక్కడే ఉన్నాడు. మర్నాడు పొద్దున కిందికి దిగి ఎమిల్ గుడారంలోకి వచ్చాడు. కనుబొమ్మలు కాలిపోయి ఉన్నాయి.

ఎమిల్ తల ఎత్తకుండానే ఒక ఫారం ముందుకి తోశాడు. "ట్రక్కు పోయింది కదా. ఇక్కడ సంతకం పెట్టు. ఎలా పోయిందో రెండు ముక్కలు రాయి. టైర్ల సంగతి విడిగా రాయాలి."

డెల్బర్ట్ ఆ కాగితం చేతిలోకి తీసుకున్నాడు. పొయ్యి చుట్టూ చలి కాచుకుంటున్నవాళ్ళు ఏడెనిమిది మంది ఉన్నారు.

"టైర్లా?" అన్నాడు. "ఒరేయ్ అబ్బాయిలూ, వీడికి టైర్లు కావాలటరా! పైన పద్నాలుగు మంది పోయారు, వీడికి టైర్లు కావాలట! ఏరా టైపు సిపాయీ, ఆ పొయ్యి దగ్గర నీ వెనకభాగం వేడెక్కిందా? వేడెక్కితే చెప్పు, పైన నీకు చల్లటి చోటు చూసిపెడతాను."

అందరూ పగలబడి నవ్వారు. ఆ రోజునుంచి కంపెనీలో ఎమిల్ పేరు టైపు సిపాయి. బంగాళాదుంపలు తొక్క తీసేవాడు కూడా అలాగే పిలిచేవాడు.

డెల్బర్ట్ మళ్ళీ ట్రక్కెక్కలేదు. రెండు నెలలు ఆ దళంతోనే కొండల మీద ఉన్నాడు. కంపెనీ కెప్టెన్ మార్చిలో ఎమిల్‌ని పిలిచి చెప్పాడు. "కోస్ట్కా, స్కాగ్స్ కాగితాలు మార్చు. ఇప్పుడతను డ్రైవరు కాదు, రైఫిల్ సిపాయి. అలా రాసి నా సంతకానికి పెట్టు."

"అలాగే సార్," అన్నాడు ఎమిల్.

నాలుగు వాక్యాల పని. ఈ వేళ కాదు, రేపు అనుకున్నాడు. రేపు వచ్చాక, వాడికేం తొందర అనుకున్నాడు. ఫారం తీసి ట్రేలో అడుగున పెట్టాడు. దాని మీద వేరే కాగితాలు చేరాయి. ఏప్రిల్ మొదట్లో ఆ కెప్టెన్ గాయపడి జపాన్ ఆసుపత్రికి వెళ్ళిపోయాడు. నెలాఖరున పై నుంచి ఉత్తర్వు వచ్చింది, కాల్బలం బ్యాడ్జికి అర్హులైనవాళ్ళ జాబితా పంపమని. ఎమిల్ కూర్చుని టైపు కొట్టాడు. నూట ఏడు పేర్లు. కాగితం ప్రకారం రైఫిల్ సిపాయి గనుక కోస్ట్కా ఎమిల్ పేరు అందులో ఉంది. కాగితం ప్రకారం డ్రైవరు గనుక స్కాగ్స్ డెల్బర్ట్ పేరు లేదు. కొత్త కెప్టెన్‌కి ఎవరెవరో తెలియదు. సంతకం పెట్టేశాడు.

బ్యాడ్జీలు పంచిన రోజు డెల్బర్ట్ వరసలో నిలబడి, తన పేరు రాకపోతే పక్కకి తప్పుకుని సిగరెట్టు వెలిగించుకున్నాడు. ఎమిల్‌ని ఏమీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేదని ఎమిల్ తర్వాత ఎన్నోసార్లు అనుకున్నాడు. కాలరు పట్టుకుని ఒక్కటి ఇచ్చి ఉన్నా బాగుండేదనుకున్నాడు.

ఇంటికొచ్చాడు. ఫ్యాక్టరీలో చేరాడు. చర్చి విందులో హలుష్కి అనే క్యాబేజీ వంటకం వడ్డిస్తున్న వెర్నాని చూసి, మూడు సార్లు పెట్టించుకుని, నాలుగోసారి పెళ్ళికి ఒప్పించాడు. 1956లో ఒక పాత సామాన్ల సంతలో ఇంకెవరిదో బ్యాడ్జి కనిపించింది. తనదానికన్నా తుపాకీ సన్నగా ఉంది. ఎందుకో కొన్నాడు. అలా మొదలైంది. ఎందుకు సేకరిస్తున్నావని అడిగినవాళ్ళకి రకరకాలుగా చెప్పేవాడు. చరిత్ర అనేవాడు, పనితనం అనేవాడు. ఒక్కొక్కదాన్నీ మొదట ఎవరు పెట్టుకున్నారో, వాళ్ళు ఏ కొండ ఎక్కారో కనుక్కుని చిన్న చీటీ మీద రాసి కింద పెట్టేవాడు. ఎవరి పేరూ పోకూడదని అంత పట్టుదల.

స్కాగ్స్ చిరునామా అతనికి మొదటినుంచీ కంఠతా వచ్చు. ఎన్నో కాగితాల మీద టైపు కొట్టినదే. కారులో రెండున్నర గంటల దూరం. 1962లో ఒకసారి బయల్దేరి, ఒహాయో నది వంతెన దాటి, పెట్రోలు పోయించుకుని, వెనక్కి తిరిగి వచ్చేశాడు. "చేపలేవీ?" అని వెర్నా అడిగింది, చేపలకని చెప్పి వెళ్ళాడు కాబట్టి. పడలేదన్నాడు.

1973లో సెయింట్ లూయిస్‌లో సైనిక రికార్డుల భవనం తగలబడింది. లక్షల మంది సిపాయిల కాగితాలు బూడిదయ్యాయి. పేపర్లో చదివి ఎమిల్ ఆ రోజు పనికి వెళ్ళలేదు. అంతకుముందయితే ఎవరైనా ఆ నెలల దినచర్య కాగితాలు తిరగేసి స్కాగ్స్ ఎక్కడున్నాడో తేల్చేవాళ్ళేమో. ఇప్పుడిక సాక్ష్యం చెప్పగలిగినవాళ్ళు బతికున్న మనుషులే.

అయినా పదహారేళ్ళు గడిపాడు.

1989 అక్టోబరులో, ఫైర్ స్టేషన్ హాల్లో నెలనెలా జరిగే సైనిక వస్తువుల ప్రదర్శనలో ఎమిల్ బల్ల వేసుకుని కూర్చున్నాడు. పక్క బల్ల లాయిడ్ బెటింగర్‌ది. ప్లంబరు పని చేస్తాడు, వియత్నాంలో కాలు దెబ్బతిని కుంటుతూ నడుస్తాడు, నోటికి మూత లేదు. మధ్యాహ్నం వేళ ఒక ముసలాయన వచ్చాడు. టోపీకి ఆ బ్యాడ్జి గుచ్చుకుని ఉన్నాడు.

"ఏ దళం పెద్దాయనా?" అడిగాడు లాయిడ్.

ముసలాయన చెప్పాడు. అది రవాణా దళం.

"రవాణానా?" లాయిడ్ గొంతు హాలంతా వినిపించింది. "లారీ తోలేవాడికి ఇది ఎవడిచ్చాడయ్యా? ఎక్కడ కొన్నావు, ఈ బల్ల మీదేనా? నా కాల్లో ఇంకా ఇనుము ఉంది, తెలుసా? తీసెయ్. తీసెయ్ అంటున్నానా!"

ముసలాయన టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. పిన్ను ఊడి రావడానికి చాలాసేపు పట్టింది. "మేం తుపాకీ పట్టలేదనుకున్నావా నాయనా," అన్నాడు చిన్నగా. బ్యాడ్జి జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు.

"ఇలాంటి దొంగలు ఎక్కువైపోయారు," అని లాయిడ్ ఎమిల్ వైపు తిరిగాడు. "చూశావా? సిగ్గులేదు. నీలాంటివాడు సంపాదించుకుని కూడా పెట్టుకోడు, వాడు చూడు."

ఎమిల్ బల్ల సర్దేశాడు. ఇంకా రెండు గంటలు కూడా కొట్టలేదు. ఇంటికొచ్చి వంటింట్లో కూర్చుని, కోటు కూడా విప్పకుండా, ట్రక్కు దగ్గర్నుంచి జాబితా దాకా వెర్నాకి చెప్పాడు. ఆమె క్యాబేజీ తరుగుతూ తరుగుతూ ఆపేసింది.

"ఇంతేనా?" అంది చివరికి.

"ఇంతేనా అంటావేమిటి?"

"ఇంకో ఆడదేమో అనుకున్నాను ఇన్నాళ్ళూ. మేజోళ్ళ సొరుగు తెరిచినప్పుడల్లా ముఖం అలా పెట్టేవాడివి." కత్తి పక్కన పెట్టింది. "ఆయన బతికున్నాడా?"

"తెలియదు."

"తెలుసుకోవాలని ఎప్పుడూ అనిపించలేదా? మూడు వందల మంది ఎవరెవరో తెలుసుకున్నావు. ఎక్కడో మోంటానాలో చచ్చిపోయినవాడి చెల్లెలికి ఉత్తరం రాశావు. రెండున్నర గంటల దూరంలో ఉన్నవాడికి రాయలేకపోయావా ఎమిల్?"

అతను అప్పటికి కోటు విప్పి కుర్చీకి తగిలించాడు.

"శనివారం వెళుతున్నాం," అంది వెర్నా. "నేను తోలతాను. నువ్వు తోలితే దారిలోనే వెనక్కి తిప్పుతావు." 1962లో చేపలెందుకు పడలేదో ఆమెకి ఇప్పుడు అర్థమైంది.

డెల్బర్ట్ బతికే ఉన్నాడు. కొండ వాలులో చెక్క ఇల్లు, గుమ్మం పక్కన గుమ్మడికాయలు. ముక్కులో ఆక్సిజన్ గొట్టం పెట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. కొరియా నుంచి వచ్చాక గనుల్లో బొగ్గు తవ్వాడట, తర్వాత ఇరవై ఏళ్ళు బడి బస్సు తోలాడట. కూతురు రోడా తలుపు తీసి లోపలికి పిలిచింది. బీన్సు ఉడుకుతున్న వాసన ఇల్లంతా నిండి ఉంది.

ఎమిల్ పేరు చెప్పగానే డెల్బర్ట్ కళ్ళు చికిలించాడు. తర్వాత నవ్వడం మొదలెట్టాడు. నవ్వు దగ్గయింది, దగ్గు తగ్గడానికి చాలాసేపు పట్టింది.

"టైపు సిపాయీ!" అన్నాడు. "టైర్ల కోసం ముప్ఫై ఎనిమిదేళ్ళకి వచ్చావురా నువ్వు?"

ఎమిల్ కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. కెప్టెన్ చెప్పిన మాట, ట్రే అడుగున పెట్టిన ఫారం, జాబితా. చెప్పి, జేబులోంచి డబ్బా తీశాడు. తన సేకరణలో ఉన్నవాటిలో ఆ ఏడాది, ఆ దళానికి పంచిన రకమే, గీత లేనిది ఏరి తెచ్చాడు.

డెల్బర్ట్ నవ్వు పోయింది. డబ్బా తెరిచి చూశాడు, బ్యాడ్జిని ముట్టుకోలేదు.

"ఇది ఎవరిది?"

"కెంటకీలో ఒకతనిది. పోయాడు."

"అయితే ఆయనదే." డబ్బా మూసి తిరిగి ఇచ్చాడు. "నేను అనుకున్నదేమిటో తెలుసా నీకు? కెప్టెనే వద్దన్నాడనుకున్నాను. ఆ మార్చి నెలలో ఒకసారి నిద్రపోయాను కాపలాలో. కాసేపే. ఆయన చూశాడు, ఏమీ అనలేదు. అందుకే పేరు తీసేశాడు, న్యాయమే అనుకున్నాను. ఊళ్ళో మాజీ సిపాయిల క్లబ్బుకి ఒకే ఒక్కసారి వెళ్ళాను. ఏం చేశావంటే డ్రైవరునన్నాను. మళ్ళీ వెళ్ళలేదు. ఇన్నేళ్ళూ నిద్ర వల్లే అనుకున్నానురా."

వెర్నా కుర్చీ జరిపి ఎమిల్‌ని కూర్చోబెట్టింది.

"మా నాన్నకి కోపం రాదు, అదే కష్టం," అంది రోడా గుమ్మం దగ్గర నుంచి. "నాకొస్తోంది. మీరు కాఫీ తాగే వెళ్ళండి, కాని నాకొస్తోంది."

"ఊరుకోవే," అన్నాడు డెల్బర్ట్. తర్వాత ఎమిల్ వైపు తిరిగి, "కొన్నది నాకొద్దు. ఇచ్చేది ఉంటే సైన్యాన్నే ఇమ్మను. నువ్వు కాగితాలు పోగొట్టినవాడివి, నువ్వే కాగితాలు పెట్టు. ఆ పని నీకు వచ్చు కదా," అన్నాడు.

ఎమిల్ ఆ వారమే కూర్చున్నాడు. పాత టైపు మిషను మీద ఆరు పేజీలు కొట్టాడు. ఎక్కడా మెత్తగా రాయలేదు. 'మతిమరుపు వల్ల' అని ఒకచోట పడింది. దాన్ని కొట్టేసి 'కోపం వల్ల' అని మార్చాడు. నోటరీ దగ్గర ప్రమాణం చేశాడు. ఆ దళంలో బతికున్నవాళ్ళని వెతికి మరో ఇద్దరి చేత సాక్ష్యం రాయించాడు. వాషింగ్టన్‌లో సైన్యం ఆఫీసుకి పంపాడు. అందిందని కార్డు వచ్చింది. వరసలో ఇంకా చాలా దరఖాస్తులు ఉన్నాయి, ఏడాది పైన పట్టవచ్చు అని ఉంది అందులో.

ప్రదర్శనలకి వెళ్ళడం మానేశాడు. ఒక ఆదివారం లాయిడ్ ఇంటికే వచ్చాడు, ఏమైందో అడగడానికి. ఎమిల్ ఆరు పేజీల నకలు చేతికిచ్చాడు. లాయిడ్ మెట్ల మీదే కూర్చుని మొత్తం చదివాడు.

"ఆ రోజు ఆ ముసలాయన్ని..." అన్నాడు, ఆగిపోయాడు. "నువ్వెందుకు నా నోరు మూయించలేదు?"

"నాకేం హక్కుంది?"

లాయిడ్ కాగితాలు మడిచి ఇచ్చేసి, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. తర్వాత అప్పుడప్పుడు ఫోను చేసేవాడు, వాతావరణం గురించి మాట్లాడేవాడు. ఇదివరకటి చనువు మళ్ళీ రాలేదు.

నెలకోసారి ఎమిల్, వెర్నా ఒహాయో వెళ్ళేవాళ్ళు. ఎమిల్, డెల్బర్ట్ గళ్ళ బల్ల మీద చెకర్స్ బిళ్ళలాట ఆడేవాళ్ళు, పెద్దగా మాట్లాడుకునేవాళ్ళు కాదు. "వచ్చిందా?" అని డెల్బర్ట్ ఒక్కసారీ అడగలేదు. 1990 జులైలో, చెకర్స్ ఆట సగంలో ఆపిన వారమే, ఆసుపత్రిలో పోయాడు. ఉత్తర్వు 1991 మార్చిలో వచ్చింది. పాత రికార్డు సరిదిద్దడమైనది, 1951 ఏప్రిల్ నుంచి అర్హుడు, అని నాలుగే వాక్యాలు.

బ్యాడ్జి రోడాకి అట్టపెట్టెలో వచ్చింది. ఆమె ఫోను చేస్తే ఎమిల్, వెర్నా వెళ్ళారు. కొత్తగా తయారైంది, తళతళలాడుతోంది, పాతవి తప్ప పెట్టని ఎమిల్ బీరువాలో అలాంటిదానికి చోటే ఉండదు. రోడా దాన్ని తండ్రి ఆదివారం కోటుకి పెట్టింది. కోటు కుర్చీ వీపు మీద వేసి ఉంది. ముగ్గురూ దాని ఎదురుగా కూర్చున్నారు.

"నాన్న ఎప్పుడూ ఏమీ చెప్పలేదు," అంది రోడా. "మీరు చెప్పండి కోస్ట్కా గారూ. ఆ కొండ మీద మా నాన్న ఏం చేశాడు? మీరూ ఉన్నారుగా."

వెర్నా ఎమిల్ మోచేతి మీద చెయ్యి వేసింది.

"నేను లేనమ్మా," అన్నాడు ఎమిల్. "నాకు బ్యాడ్జి ఇచ్చారు కాని నేను ఎప్పుడూ ఆ కొండ మీద లేను. నేను చూసింది ఒక్కటే. వెర్నాకి కూడా చెప్పలేదు."

చెప్పాడు. ఏప్రిల్‌లో గాయపడ్డవాళ్ళని కిందికి తెచ్చినప్పుడు డెల్బర్ట్ ఒక కుర్రవాణ్ణి మోసుకొచ్చాడు. కుర్రవాడికి ప్లాస్మా ఎక్కిస్తున్నారు, సీసా తగిలించడానికి గుంజ లేదు. డెల్బర్ట్ స్ట్రెచర్ పక్కన నిలబడి సీసాని చేత్తో పైకెత్తి పట్టుకున్నాడు. ఒక చెయ్యి నొప్పి పుడితే ఇంకో చెయ్యి మార్చాడు. మధ్యాహ్నం నుంచి చీకటి పడేదాకా, కళ్ళు మూతలు పడుతున్నా, చెయ్యి దించలేదు.

"నా బల్ల దగ్గర్నుంచి కనిపిస్తూనే ఉన్నాడు," అన్నాడు ఎమిల్. "గుడారం తలుపు తెరిచే ఉంది. అతన్ని చూస్తూనే ఆ జాబితా టైపు కొట్టాను. పేర్లు వరసగా కొట్టుకుంటూ అతని పేరు రావలసిన చోటికి వచ్చాక, తల ఎత్తి చూశాను. అక్కడే నిలబడి ఉన్నాడు. నేను తర్వాతి పేరు కొట్టాను."

రోడా ఏడవలేదు. లేచి వెళ్ళి కోటు భుజం మీద ముడత సరిచేసింది.

"ఆ అబ్బాయి బతికాడా?" అని అడిగింది.

"తెలియదమ్మా," అన్నాడు ఎమిల్. "కనుక్కోలేదు."